రెండు వేళ్ళ టీ

"మామయ్యగారూ, గ్లాసు అడుగున ఇంత టీ వదిలేస్తే ఏం లాభం చెప్పండి. తాగితే పూర్తిగా తాగండి, లేదంటే ఆ రెండు గుక్కలూ తక్కువ పొయ్యమనండి."

"తక్కువ పోస్తే అందులోంచి కూడా రెండు వేళ్ళు వదుల్తానమ్మా. అప్పుడు నష్టం నాకే."

"చీమలు పడుతున్నాయి."

"వాటికీ ఓ నోరుంది కదా."

"ఆ నోళ్ళన్నీ నా సింకులోనే ఉండాలా?"

ఆ ఇంట్లో పొద్దున ఏడింటికి ఈ గొడవ పందొమ్మిదేళ్ళుగా జరుగుతోంది. కోడలు కాపురానికి వచ్చిన మూడో రోజున మొదలైంది. మాటలు కూడా పెద్దగా మారలేదు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు, గెలవాలని ఎవరూ గట్టిగా అనుకున్నట్టు కూడా లేదు.

"ఆ గొడవ ఆగిపోయి ఇవాళ్టికి పన్నెండు రోజులండీ," అంది కోడలు. ఆమె కూర్చున్నది డిటెక్టివ్ గదిలో, కుర్చీ అంచు మీద. ఒళ్ళో చేతిసంచి, సంచి మీద రెండు చేతులూ.

స్టేషనరీ కొట్టు పైన ఉన్న ఆ గదిలో రెండు బల్లలు. పెద్ద బల్ల దగ్గర డిటెక్టివ్, చిన్న బల్ల దగ్గర ఆమె మేనకోడలు. యాభై దాటిన ఆ డిటెక్టివ్‌ను ఊళ్ళో అందరూ నిదానంగారు అంటారు. ఆమె మెట్లెక్కినా, కళ్ళజోడు తుడిచినా, దొంగను పట్టుకున్నా ఒకే వేగం. మేనకోడలికి ఆ వేగం మీద భక్తి. అత్త నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా గీతల పుస్తకంలో రాసుకుంటుంది, "కిటికీ మూయవే" అన్నది కూడా.

"గొడవ ఆగితే మంచిదే కదండీ," అంది మేనకోడలు.

"ఆయన టీ తాగడమే మానేశారు," అంది కోడలు.

తర్వాత ఆమె చెప్పింది ఇది.

ఊరి చివర సముద్రంలోకి కిలోమీటరు పొడవున జెట్టీ ఉంది. దేశానికి సొంత గ్యాస్ చాలదు కాబట్టి దూరం నుంచి ఓడల్లో తెప్పించుకుంటారు. సున్నాకి నూట అరవై డిగ్రీల కిందకి చల్లబరిస్తే గ్యాస్ నీళ్ళలాంటి ద్రవమవుతుంది. గదినిండా ఉండేది రెండు బిందెల్లో పట్టేస్తుంది. జెట్టీ దగ్గర ఓడలోంచి తోడి, ఒడ్డున తెల్లటి ట్యాంకుల్లో నింపి, మళ్ళీ వేడిచేసి గ్యాస్‌గా మార్చి, పైపుల్లో నగరానికి పంపుతారు. ఆమె మామగారు మొదటి ఓడ నాటి నుంచీ ఆ జెట్టీ మీదే పనిచేశారు. అక్కడ అందరికీ ఆయన పెద్దమేస్త్రి. రిటైరై మూడేళ్ళయినా, ఓడ వచ్చిన రోజున సలహా చెప్పడానికి ఆయన్ని పిలుస్తారు.

"పన్నెండు రోజుల కింద తుఫాను వల్ల ఓడ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. పది గంటలకి తోడడం మొదలుపెట్టారు. ఓడకి తగిలించే ఇనప చేతులుంటాయట. వాటిలోకి మొదట సన్నటి ధారే వదలాలి. రెండు గంటలపాటు కొంచెం కొంచెంగా చల్లబడాలి. వేడి గాజుగిన్నె మీద చన్నీళ్ళు పోసినట్టు ఒక్కసారిగా వదిలితే అతుకులు ముడుచుకుపోయి కారతాయి. అది మా ఇంట్లో పిల్లకి కూడా తెలుసు, ఆయన అన్నిసార్లు చెప్పారు. ఆ రోజు పదీ నలభైకి ఎవరో వాల్వు పూర్తిగా తిప్పేశారు. అతుకు కారింది. పదీ యాభైకి ఎర్ర బటన్ నొక్కారు. అంతా ఆగిపోయింది. ఓడ వెనక్కి వెళ్ళింది. నగరానికి ఒకటిన్నర రోజు గ్యాస్ లేదు."

"మా పొయ్యి కూడా వెలగలేదు," అంది మేనకోడలు. "బన్ను తిని పడుకున్నాం."

"అప్పుడు జెట్టీ గదిలో ఉన్నది మామయ్యగారూ, కొత్త మేనేజరుగారూ. రెండు పనులూ మామయ్యగారే చేశారని మేనేజరుగారు చెప్పారు."

"మీ మామగారేమంటారు?" డిటెక్టివ్ అడిగింది.

"నాకేం గుర్తులేదు, సారు చూశానంటున్నారు కాబట్టి నేనే చేసుంటాను అంటారు." "అప్పట్నుంచి స్టవ్వు కట్టామో లేదో ఆరుసార్లు చూస్తున్నారు. ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టేశారు. పాపని స్కూలుకి తీసుకెళ్ళడం మానేశారు, దారి మర్చిపోతానేమోనని. మా ఆయన ఒక చోటు కనుక్కొచ్చారు, మతిమరుపు ఉన్నవాళ్ళని పెట్టుకునేది. శుక్రవారం విచారణ కమిటీ నిర్ణయం చెప్పగానే మాట్లాడదాం అంటున్నారు."

"ఆయన చేయలేదని నేను నిరూపించాలా?"

"కాదండీ. ఆ పొద్దున ఆయనకి జలుబు చేస్తే మాత్ర ఇచ్చింది నేను. ఆ మాత్ర వేసుకుంటే మా ఆయనైతే మధ్యాహ్నం దాకా లేవరు. మామయ్యగారే చేసుంటే, అది నా మాత్ర వల్ల అని చెప్పండి. మతి పోయి కాదని. ఆయనకి ఆ ఒక్కటీ తెలిస్తే చాలు."

డిటెక్టివ్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మేనకోడలు పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. అత్త కళ్ళజోడు తుడిచిందంటే కేసు ఒప్పుకున్నట్టే.

*

పెద్దాయన గదిలో ఎక్కడ చూసినా చీటీలే. ఫ్యాను స్విచ్చు కింద "ఆపాను", బీరువా మీద "తాళం వేశాను", మందుల డబ్బా మీద "పొద్దున వేసుకున్నాను". గుండ్రటి, ఓపికైన అక్షరాలు. ఆయన మంచం మీద నిటారుగా కూర్చున్నారు, డాక్టరు ముందు కూర్చున్నట్టు.

"మొదటి ఓడ వచ్చిన రోజు నాకు గుర్తుందండీ," అంది డిటెక్టివ్, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ. "ఆఫీసు ఎగ్గొట్టి అమ్మతో పాటు సముద్రపు గోడ మీద నిలబడ్డాను. ఊరంతా అక్కడే ఉంది. పొద్దున్నుంచి చూస్తే మధ్యాహ్నానికి కనబడింది."

"ఒంటి గంటా పదికి," అన్నారాయన వెంటనే. "అది గుర్తుంది చూడండి. మొన్నటిది గుర్తులేదు."

"ఎలా అనిపించింది మీకు, ఓడ వస్తుంటే?"

"నేను చూళ్ళేదమ్మా." ఆయన నవ్వారు. "ఊరంతా చూసింది. నేను గదిలో కూర్చుని గేజీ ముల్లు చూశాను. తర్వాత వచ్చిన ఓడలు కూడా అంతే. నా ఓడలన్నీ ముళ్ళే."

"మీరు గ్లాసులో రెండు వేళ్ళు టీ వదుల్తారట. ఎందుకు?"

ఆయన గుమ్మంలో ఉన్న కోడలి వైపు చూశారు. "ఆవిడ చెప్పిందా. ఓడ పూర్తిగా ఖాళీ అయి తిరిగి వెళ్ళదమ్మా. అడుగున కొంచెం ఉంచుకుంటుంది. అంతా తోడేస్తే ట్యాంకు వెచ్చబడిపోతుంది, మళ్ళీ సరుకు నింపాలంటే మొదటినుంచీ చల్లబరచాలి. అందుకని తిరుగు ప్రయాణానికి కాస్త చల్లదనం దాచుకుంటారు. మేం ఓడల మధ్య బతికినవాళ్ళం కదా. చెయ్యి దానంతటదే ఆగిపోతుంది."

"పందొమ్మిదేళ్ళలో నాకీ ముక్క చెప్పలేదే," అంది కోడలు.

"చీమల గురించి అడిగావు గానీ దీని గురించి ఎప్పుడడిగావు?"

ఇద్దరి మొహాల్లోనూ ఏదో కదిలి, వెంటనే ఆగిపోయింది.

"ఆ రోజు టీ తాగారా?" డిటెక్టివ్ అడిగింది.

"తాగినట్టు గుర్తులేదు. కుర్చీలో కళ్ళు మూతలు పడ్డాయి. సైరన్‌కి లేచాను. సారు నా భుజం పట్టుకుని, ఎంత పని చేశారు పెద్దాయనా అన్నారు. కమిటీవాళ్ళు చూపించిన ఫోటోలో నా గ్లాసు ఎర్ర బటన్ పక్కనే ఉంది. తాగే ఉంటాను."

*

గ్యాస్ టెర్మినల్ గేటు దగ్గర అగ్గిపెట్టెలూ ఫోన్లూ తీసుకున్నారు. టెర్మినల్ డైరెక్టరు కూడా ఈ జెట్టీ మీదే చిన్న ఇంజనీరుగా మొదలైనవాడు. పెద్దమేస్త్రి పేరు రాగానే ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. శుక్రవారం కమిటీ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే. మీకేదైనా కనబడితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ఆయనే ఒప్పుకున్నాక నేనేం చెయ్యను?"

ఆయన ఇచ్చిన ఫోటో సైరన్ మోగిన పది నిమిషాలకి తీసింది. మేనకోడలు దాన్ని చూస్తూ రాసుకుంది: ప్యానెల్ మీద ఎర్ర బటన్ పక్కన పెద్దమేస్త్రి నీలం గీత గ్లాసు, అడుగు మెరుస్తోంది. మేనేజరు బల్ల మీద ఇంకో గ్లాసు, అదీ ఖాళీ. లాగుబుక్కు పక్కన మూడోది, అడుగున కొంచెం టీ. కిటికీ గట్టు మీద ఒక సాసరు.

"సాసరు కూడా రాశావా," అంది డిటెక్టివ్.

"రాశానత్తా. నువ్వేగా అంటావు, పనికిరానిది ఏదో తర్వాత చూద్దామని."

టీ మాస్టరు జెట్టీ గది మెట్ల దగ్గర కనబడ్డాడు. మెట్ల కింద వరసగా కుండీలు, ఉప్పుగాలిలో కూడా పచ్చగా ఉన్నాయి.

"పదిన్నరకి మూడు గ్లాసులు తెచ్చానమ్మా. ఆపరేటరు అమ్మాయిగారు అప్పటికింకా గదిలోనే ఉన్నారు. పెద్దమేస్త్రిగారు కుర్చీలో గడ్డం గుండెలకానించి మంచి నిద్రలో ఉన్నారు. పాపం, లేపబుద్ధి కాలేదు. ఆయన గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, చల్లారకుండా సాసరు మూతపెట్టి వెళ్ళిపోయాను."

"కమిటీకి చెప్పారా ఇది?"

"నన్నెవరడిగారమ్మా? టీ గురించి కమిటీ వెయ్యరు కదా."

"మొక్కలు బాగున్నాయి."

"నా గొప్పేం లేదు. ఓడ ఉన్న రోజున వీటికి నీళ్ళు పొయ్యక్కర్లేదు. గ్లాసుల్లో మిగిలిందే సరిపోతుంది."

డిటెక్టివ్ గదిలోకి వెళ్ళి పెద్దాయన కుర్చీలో కూర్చుని చూసింది. కుర్చీ కిటికీ పక్కన. చెయ్యి చాపితే గట్టు అందుతుంది. ప్యానెల్ దగ్గరకి ఆరు అడుగులు.

ఆపరేటరు అమ్మాయికి ముప్ఫై ఉంటాయి. పెద్దమేస్త్రి చివరి శిష్యురాలు. మాట్లాడుతున్నంతసేపూ గేజీల మీంచి చూపు తిప్పలేదు.

"నేను సన్నధార పెట్టి, పన్నెండింటి దాకా ముట్టుకోవద్దని చెప్పాను. టీ తాగాక మేనేజరుగారు ఓడలో కాగితాల మీద సంతకాలు పెట్టించుకు రమ్మన్నారు. ఓడ మీద ఉండగానే కింద అతుకు దగ్గర తెల్లటి పొగ కనబడింది. పరిగెత్తేలోపే సైరన్ మోగింది."

"పెద్దాయన చేశారంటే నమ్మారా?"

"నమ్మలేదు మేడమ్. తర్వాత మేనేజరుగారు ఒక మాట చెప్పారు. తాతగారు గ్యాస్ వాసన, గ్యాస్ వాసన అని అరుస్తూ బటన్ నొక్కారట. అక్కడ నాకు ఏడుపొచ్చింది. మొదటి రోజు ఆయన మాకు నేర్పింది అదే. ఇక్కడ గ్యాస్‌కి వాసనుండదు. ఊళ్ళోకి పంపే ముందు, అదిగో ఆ చివర షెడ్డులో వాసన కలుపుతారు. జెట్టీ మీద ముక్కు పనికిరాదు, కళ్ళతో చూడండి అనేవారు. ఆయనే వాసన అన్నారంటే, ఇక నిజంగానే ఏదో పోయినట్టే కదా."

మేనకోడలు ఆ మాటలు రాసుకుంటూ ముక్కు చీదింది.

మేనేజరు ఒడ్డున ఆఫీసులో ఉన్నాడు. మర్యాదస్తుడు. ఇద్దరికీ తనే కుర్చీలు జరిపాడు. అరగంటలో ఆయన ఫోను నాలుగుసార్లు మోగింది.

"నేనిక్కడికి వచ్చి రెండు నెలలండీ. అంతకు ముందు నగరంలో పైపులైన్ల ఆఫీసు. రోజుకి నలభై ఫోన్లు. మా వంటింట్లో వాసనొస్తోంది, మా మెట్ల కింద వాసనొస్తోంది అని. ఇక్కడ కాస్త ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను."

"ఆ రోజు?"

"మూడు రోజులుగా ఓడ లేదు. నగరంలో ఒత్తిడి పడిపోతోంది. ఆస్పత్రి నుంచి, బట్టీల నుంచి ఐదు నిమిషాలకో ఫోను. నేను అటు తిరిగి మాట్లాడుతున్నాను. పెద్దాయన టీ తాగుతూ ప్యానెల్ దగ్గరకి వచ్చారు. ఇక్కడివాడు కదా అని పట్టించుకోలేదు. వాల్వు ఎప్పుడు తిప్పారో చూళ్ళేదు. ఉన్నట్టుండి గ్యాస్ వాసన, గ్యాస్ వాసన అని బటన్ నొక్కేశారు. పాపం, వయసండీ. ఆయన మీద నాకేం కోపం లేదు."

"టీ పూర్తిగా తాగేశారా?"

మేనేజరు కొంచెం ఆశ్చర్యపోయాడు. "తాగే ఉంటారు. ఎందుకు?"

"ఏం లేదు. గ్లాసు శుభ్రంగా కనబడింది."

*

సాయంత్రం డిటెక్టివ్ వంటింట్లో పాలు పెట్టింది. అగ్గిపుల్ల అంటుకోవడం ఆలస్యమై ఒక్క క్షణం గ్యాస్ వాసన వచ్చింది. తర్వాత నీలం మంట గుండ్రంగా లేచింది.

"మీ నాయనమ్మ ఈ మంట మొదటిసారి చూసిన రోజు గిన్నె పెట్టకుండా చాలాసేపు చూస్తూ కూర్చుంది," అంది డిటెక్టివ్. "అంతకు ముందు కిరసనాయిలు స్టవ్వు. పొద్దున్నే పిన్ను పెట్టి పొడిచేది, పంపు కొట్టేది. గిన్నెల అడుగులు నల్లగా, ఆవిడ గోళ్ళు నల్లగా. మేం స్కూలుకి వెళ్తే మా పుస్తకాలు కూడా కిరసనాయిలు వాసన. మొదటి ఓడ వచ్చిన ఆరు నెలలకి మా వీధికి పైపు వేశారు. ఆ రోజు అమ్మ మా అందరి చేతులూ వాసన చూసి, ఏం రావట్లేదర్రా అంది."

మేనకోడలు నవ్వింది. "ఇప్పుడొచ్చింది కదా. నువ్వు అగ్గిపుల్ల ఆలస్యంగా గీశావు."

"ఇక్కడ వస్తుంది," అంది డిటెక్టివ్. పాలు పొంగడానికి వస్తున్నా అలాగే నిలబడింది. "ఇక్కడుండేవాళ్ళకి వస్తుంది."

మేనకోడలు చెయ్యి చాపి స్టవ్వు కట్టేసింది.

"రేపు పొద్దున ఓడ వస్తోంది కదా. డైరెక్టరుగారికి ఫోన్ చెయ్యి. పదకొండింటికి కాంటీన్‌లో అందరూ ఉండాలి. పెద్దాయన, కొడుకు, కోడలు కూడా. టీ మాస్టరుకి చెప్పు, గాజు గ్లాసుల్లోనే ఇమ్మని."

"ఎవరో తెలిసిపోయిందా అత్తా?"

"గ్లాసు చెప్పింది. గ్లాసు అబద్ధమాడదు గానీ సాక్ష్యానికి చాలదు. రేపు ఇంకో నాలుగు గ్లాసులు కావాలి."

*

కాంటీన్ కిటికీలోంచి ఓడ కనబడుతోంది. ఇనప చేతులు దాని మీద వాలి ఉన్నాయి. డిటెక్టివ్ రమ్మందని ఆపరేటరు అమ్మాయి తన పని పావుగంట సేపు తోటి ఆపరేటరుకి అప్పగించి వచ్చింది.

పెద్దాయన చివరి కుర్చీలో కూర్చున్నారు, తనది కాని చోటికి వచ్చినట్టు. కొడుకు పక్కన కూర్చుని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. టీ మాస్టరు అందరికీ టీ ఇచ్చి, డిటెక్టివ్ మాట ప్రకారం తనూ ఒక గ్లాసు తీసుకుని కూర్చున్నాడు. పెద్దాయన వద్దన్నారు.

"నా కోసం తాగండి," అంది డిటెక్టివ్. "మొదటి ఓడ సంగతి చెబుతూ తాగండి."

ఆయన మెల్లిగా మొదలుపెట్టారు. డైరెక్టరు మధ్యలో అందుకున్నాడు. ఆ రోజు తనకి చేతులు వణికి పెన్ను సముద్రంలో పడిపోతే, పెద్దమేస్త్రి తన చెవి మీది పెన్సిలు ఇచ్చిన సంగతి చెప్పాడు. ఆ పెన్సిలు రాతే ఇప్పటికీ మొదటి లాగుబుక్కులో ఉందట. తనప్పుడు ఇంకా పుట్టలేదనుకుని, లెక్క చూసుకుంటే ఎనిమిదేళ్ళున్నాయని ఆపరేటరు అమ్మాయి నాలిక్కరుచుకుంది. కొడుకు మొదటిసారి నవ్వాడు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి నిలబడే నిద్రపోయాడని చెప్పాడు.

పావుగంట గడిచింది. డిటెక్టివ్ లేచింది.

"అందరూ గ్లాసులు బల్ల మధ్యలో పెట్టండి."

తొమ్మిది గ్లాసులు వచ్చాయి. మేనకోడలు వాటిని వరసగా జరిపింది. కొడుకుది, కోడలిది, మేనేజరుది, డిటెక్టివ్‌ది, మేనకోడలిది ఖాళీ. పెద్దాయనది, డైరెక్టరుది, ఆపరేటరు అమ్మాయిది, టీ మాస్టరుది అడుగున రెండేసి వేళ్ళు.

కోడలు అలవాటు కొద్దీ మామగారి గ్లాసు వైపు చూసి ఏదో అనబోయి ఆగింది. డైరెక్టరు తన గ్లాసును తనే వింతగా చూసుకున్నాడు.

"మీకెవ్వరికీ తెలియకుండానే మిగిల్చారు," అంది డిటెక్టివ్. "ఓడ కట్టి ఉన్నంతసేపు ఈ జెట్టీవాళ్ళు గ్లాసు ఖాళీ చెయ్యరు. మెట్ల కింద మొక్కలు దానికి సాక్ష్యం. మరి ఆ రోజు ఫోటోలో పెద్దాయన గ్లాసు అడుగు మెరుస్తోంది. అందులో టీ ఆయన తాగలేదు."



"పదిన్నరకి ఆయన నిద్రలో ఉన్నారు. ఉదయం జలుబు మాత్ర వేసుకున్నారు. టీ మాస్టరు గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి సాసరు మూతపెట్టాడు. ఫోటోలో సాసరు గట్టు మీదే ఉంది, గ్లాసు మాత్రం ఆరడుగుల దూరంలో ప్యానెల్ మీదకి వెళ్ళింది. పెద్దాయన లేచి నడిచి వచ్చారని చూపించడానికి ఎవరో దాన్ని తెచ్చి అక్కడ పెట్టారు. నిండు గ్లాసు పెడితే తాగలేదని తెలిసిపోతుంది కాబట్టి పారబోశారో, తాగేశారో. కానీ ఎంత మిగల్చాలో వాళ్ళకి తెలియదు. ఇక్కడికి కొత్త కాబట్టి."

మేనేజరు తన ఖాళీ గ్లాసు వైపు చూశాడు. "టీ తాగడం తప్పా అండీ? ఇక్కడ ఐదుగురు ఖాళీ చేశారు."

"తప్పు కాదు. ఆ ఐదుగురిలో ఆ రోజు గదిలో ఉన్నది మీరొక్కరే. ఇంకోటి. పెద్దాయన గ్యాస్ వాసన అని అరిచారని మీరు చెప్పారు. ఆ మాట విని ఈ అమ్మాయి ఏడ్చింది, తన గురువుకి మతి పోయిందని. ఆ మాట ఆయన నోట ఎలా వచ్చిందా అని అందరూ బాధపడ్డారు. అసలు వచ్చిందా అని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళు వాసన లేని చోట పనిచేసినవాడు, నిద్రమత్తులో అరిచినా పొగ అంటాడు. వాసన అనేది పైపులైన్ల ఆఫీసు మాట. రోజుకి నలభైసార్లు మీరు విన్న మాట. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు మీ నోటికి మీ మాటే వచ్చింది."

కిటికీ బయట ఓడ ఒకసారి కూసింది. మేనేజరు తన గ్లాసు పక్కకి జరిపాడు.

"ఆస్పత్రి వాళ్ళు ఏడుస్తూ ఫోన్ చేశారు," అన్నాడు చివరికి. "రెండు గంటల పని గంటలో అవుతుందనుకున్నాను. ఈ అమ్మాయి ఉంటే ఒప్పుకోదని ఓడ మీదకి పంపించాను. పొగ చూసి నేనే బటన్ నొక్కాను. సైరన్ మోగుతున్నా ఆయనకి ఒక్క నిమిషం మెలకువ రాలేదు. ఆ నిమిషంలో వచ్చిన ఆలోచనండీ. ఆయన లేచి, నేను కాదు అంటే వెంటనే ఒప్పుకుందామనుకున్నాను. ఆయన అనలేదు."

కొడుకు విసురుగా లేచాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"సార్, పొగ కనబడ్డాక ఎంతసేపటికి నొక్కారు?"

"వెంటనే."

"అదొక్కటి సరిగ్గా చేశారు." పెద్దాయన తల ఊపారు. "వాల్వు తప్పు, తొందరలో ఎవరైనా చేస్తారు. నా గ్లాసు ముట్టుకున్నది మాత్రం తొందరలో చేసింది కాదు."

డైరెక్టరు మేనేజరును తనతో ఆఫీసుకి రమ్మన్నాడు. వెళ్తూ వెళ్తూ పెద్దాయన ముందు ఆగి, ఆయన చొక్కా జేబుకి జెట్టీ గేటు పాసు తగిలించాడు.

*

ఆదివారం మధ్యాహ్నం డిటెక్టివ్‌నీ మేనకోడలినీ ఆ ఇంటికి భోజనానికి పిలిచారు. గదిలో చీటీలు లేవు. బీరువా మీద ఒకటి మాత్రం మిగిలింది, చివర ఊడక.

కొడుకు కంచం ముందు కూర్చుంటూ జేబులోంచి తాళంచెవి తీసి తండ్రి కంచం పక్కన పెట్టాడు. కూర వడ్డిస్తుంటే "నాన్నకి ముందు" అన్నాడు.

"అన్నం తిన్నాక చూపిద్దామనుకున్నాను గానీ, ఇదీ చూడండి," అంది కోడలు. జలుబు మాత్రల అట్ట మామగారికి చూపించి చెత్తబుట్టలో వేసింది.

"అందులో నాలుగున్నాయి, మీ ఆయనకి పనికొస్తాయి," అన్నారు పెద్దాయన. "మధ్యాహ్నం దాకా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

నవ్వులు అయ్యాక ఆయన చెయ్యి కంచంలోనే ఆపారు.

"ఒక మాట చెప్పాలి. డైరెక్టరు మళ్ళీ రమ్మన్నాడు. ఓడ వచ్చినప్పుడల్లా ఆ కుర్చీ నాదేనన్నాడు. నేను వెళ్ళను."

కోడలు గరిటె ఆపింది. "ఎందుకు మామయ్యగారూ? మీ తప్పేం లేదని తేలిపోయింది కదా."

"వాల్వు విషయంలో లేదమ్మా. ఆ ఫోటో నాక్కూడా చూపించారు. నా గ్లాసు, నా చేత్తో ఇన్నేళ్ళు పట్టుకున్న గ్లాసు. అడుగు మెరుస్తోంది. నేను చూడలేదు. ఎవరో నాకు మతి పోయిందంటే తలొంచుకుని ఒప్పుకున్నాను. కళ్ళతో చూడండి అని అందరికీ చెప్పినవాణ్ణి. ప్యానెల్ దగ్గర కూర్చునేవాడు అలా ఒప్పుకోకూడదు. ఆ కుర్చీ ఇక ఆ అమ్మాయిది. అనుమానం వస్తే ఇంటికొచ్చి అడుగుతుంది."

మేనకోడలు పుస్తకం తియ్యబోతే డిటెక్టివ్ బల్ల కింద మోకాలితో తట్టింది.

"మరి ఓడ వచ్చిన రోజున ఏం చేస్తావు నాన్నా?" అన్నాడు కొడుకు.

"చూస్తాను." పెద్దాయన మొహం విచ్చుకుంది. "వచ్చే బుధవారం ఒకటి వస్తోంది. సముద్రపు గోడ మీద కూర్చుని, అది చుక్కలా కనబడిన దగ్గర్నుంచి కట్టేదాకా చూస్తాను. ఊరంతా చూసింది, నేనొక్కణ్ణే చూళ్ళేదు. పాపని స్కూలు మాన్పించి తీసుకెళ్తాను. దారి నాకు తెలుసు."

కోడలు ఆయన కంచంలో అన్నం పెట్టి, ఒక్క క్షణం ఆలోచించింది.

"నేనూ వస్తాను. ఫ్లాస్కులో టీ తెస్తాను," అంది. "గ్లాసు మాత్రం మీరే కడుక్కోవాలి."